ఇంటర్ 2బీలో 75కి 73, బీటెక్ ఎం-టూ రెండో మిడ్‌లో 30కి 9. తేడా ఎక్కడ కొట్టింది?

రెండోసెమ్_బాధితుడు
సీఎస్ఈ ఫస్టియర్, సిటీ శివారులో ఒక ప్రైవేటు కాలేజీ, పేరు వద్దులెండి. ఇంటర్లో మ్యాథ్స్ 2బీకి 75కి 73 వచ్చాయి. అందులో ఇంటిగ్రేషనే నా బలం, పరీక్షల ముందు హాస్టల్లో సగం మందికి నేనే చెప్పా. ఇప్పుడు రెండో సెమ్‌లో ఎం-టూ, అంటే మ్యాథ్స్ రెండో పేపరు. మొదటి మిడ్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, లాప్లాస్ వచ్చాయి, 30కి 22, పర్వాలేదు అనుకున్నా. రెండో మిడ్ అంతా వెక్టర్ కాలిక్యులస్. 30కి 9. పేపరు చేతికి ఇచ్చినప్పుడు పక్కనోడిదేమో అని మీద పేరు చూసుకున్నా.

అసలు మంట ఎక్కడంటే, గ్రీన్స్ థీరమ్ వెరిఫై చెయ్యమని 5 మార్కుల ప్రశ్న ఒకటి. హద్దు చుట్టూ తిరిగి చేసే లైన్ ఇంటిగ్రల్, లోపలి ప్రాంతం మీద చేసే డబుల్ ఇంటిగ్రల్ ఒకటే అవుతాయి అన్నదే ఆ థీరమ్. వెరిఫై అంటే రెండు వైపులా విడివిడిగా చేసి రెండూ ఒకటే అని చూపించాలి, అంతే కదా? నాకు రెండు వైపులా ఒకటే వచ్చింది! ఇటు 1/20, అటు 1/20. కింద 'హెన్స్ వెరిఫైడ్' అని రాసి చుట్టూ డబ్బా కూడా గీశా. సార్ దాని మీద అడ్డంగా గీత కొట్టి 5కి 1 వేశారు. వెళ్ళి అడిగితే 'బొమ్మ ఏదిరా' అన్నారు. బొమ్మ గీయమని ప్రశ్నలో ఎక్కడా లేదు. ఇంకో రెండు వారాల్లో ఎండ్ సెమ్. సార్ది అన్యాయమా, నాకే లెక్కలు రావా, ఎవరైనా చెప్పండి.

నాలుగో_బెంచీ
రెండు వైపులా ఒకటే వస్తే తప్పు ఎలా అవుతుంది మామా. ఆ రోజు సార్‌కి ఇంట్లో టిఫిన్ పెట్టి ఉండరు.

సప్లీ_సామ్రాట్
ముందు భయం తగ్గించుకో. మీదీ మా రెగ్యులేషనే అయితే లెక్క ఇది: రెండు మిడ్‌ల సగటు 15.5, అసైన్‌మెంటు, వైవా కలిపి 10కి ఒక 8 వేసుకో, 23.5. ఇంటర్నల్స్‌లో 40కి 14 దాటావు. ఎండ్ సెమ్‌లో 60కి 21 తెచ్చుకుంటే మొత్తం 40 కూడా దాటిపోతుంది. 21 అంటే ఒక్కో మార్కువి ఒక ఆరు, పెద్దవి రెండు సగానికి పైగా. ఎం-టూని మూడుసార్లు రాసిన అనుభవంతో చెబుతున్నా, ఈక్వేషన్ల యూనిట్లు రెండు, లాప్లాస్ ఒకటి గట్టిగా పట్టుకో, వెక్టర్ దేవుడికి వదిలెయ్.

నాలుగో_బెంచీ
మూడుసార్లు రాసినవాడి సలహా వినాలా వద్దా అన్నది కూడా ఒక ప్రశ్నే.

సప్లీ_సామ్రాట్
మూడోసారి 38 వచ్చాయి భయ్యా. మొదటి రెండుసార్లు ఇలాంటి సలహా ఇచ్చేవాళ్ళు లేరు.

లెక్కల_మేడం
బాబూ, ఆ ప్రశ్న పూర్తిగా పెట్టు. నువ్వు వేసిన లిమిట్లు కూడా పెట్టు. చూడకుండా మీ సార్‌ని ఏమీ అనలేను, నిన్నూ ఏమీ అనలేను.

రెండోసెమ్_బాధితుడు
మేడం, ప్రశ్న: ఎక్స్‌వై ప్లస్ వై స్క్వేర్, డీఎక్స్‌తో, ఎక్స్ స్క్వేర్, డీవైతో. హద్దు వచ్చి వై ఈక్వల్ టు ఎక్స్ అనే గీత, వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ అనే పారాబోలా. రెండూ 0 దగ్గరా 1 దగ్గరా కలుస్తాయి. డబుల్ ఇంటిగ్రల్‌లో లోపల ఎక్స్ మైనస్ 2వై వచ్చింది. వై లిమిట్లు ఎక్స్ నుంచి ఎక్స్ స్క్వేర్ దాకా, ఎక్స్ లిమిట్లు 0 నుంచి 1 దాకా వేశా. 1/20 వచ్చింది. లైన్ ఇంటిగ్రల్‌లో ముందు గీత మీద 0 నుంచి 1కి వెళ్ళా, అక్కడ 1 వచ్చింది. పారాబోలా మీద వెనక్కి వచ్చా, మైనస్ 19/20. కలిపితే 1/20. ఎక్కడా కూడికా తీసివేతా తప్పలేదు, పది సార్లు చూసుకున్నా.

డల్లాస్_డైరీ
కూడికా తీసివేతా తప్పలేదు నిజమే. కానీ జవాబు మైనస్ 1/20 రావాలి తమ్ముడూ.

నాలుగో_బెంచీ
మైనస్ కోసం నాలుగు మార్కులా??

లెక్కల_మేడం
అనుకున్నాను. చూడు, 0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకె తీసుకో. సగం తీసుకో. గీత మీద వై కూడా సగమే. పారాబోలా మీద సగానికి వర్గం, పావు. అంటే ఆ మధ్యలో గీత పైన ఉంది, పారాబోలా కింద ఉంది. వర్గం అనగానే పెద్దది అని నీ చెయ్యి అలవాటుగా దాన్ని పైన వేసేసింది, 1 దాటాక అది నిజం, 1 లోపల ఉల్టా. నువ్వు ఎక్స్ నుంచి ఎక్స్ స్క్వేర్ దాకా అని వేశావంటే మేడ మీద నుంచి నేల దాకా కొలిచావన్నమాట. అక్కడ గుర్తు తిరగబడింది. ఇక లైన్ ఇంటిగ్రల్. గ్రీన్స్ థీరమ్‌కి హద్దు చుట్టూ గడియారం ముల్లుకి ఎదురుగా తిరగాలి, కింద ఉన్న పారాబోలా మీద ముందు వెళ్ళి, పైన ఉన్న గీత మీద వెనక్కి రావాలి. నువ్వు ముల్లుతో పాటే తిరిగావు. అక్కడా గుర్తు తిరగబడింది. రెండు తప్పులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి, నువ్వు నమ్మేశావు.

పరీక్ష ఇంట్లోనే చేసుకో. లోపలి ఎక్స్ మైనస్ 2వై తీసేసి ఆ చోట 1 పెట్టి, నీ లిమిట్లతోనే మళ్ళీ చెయ్. అది ఆ ప్రాంతం వైశాల్యం రావాలి. ఏం వస్తుందో ఇక్కడ రాయి.

రెండోసెమ్_బాధితుడు
మైనస్ 1/6 వచ్చింది మేడం.

నాలుగో_బెంచీ
మైనస్ వైశాల్యం. ప్లాట్ కొంటే మనమే తిరిగి భూమి బాకీ పడతాం.

రెండోసెమ్_బాధితుడు
ఛ. ఒక బొమ్మ గీసి ఉంటే పది సెకన్లలో తెలిసేది. అందుకేనా 'బొమ్మ ఏదిరా' అన్నారు. ఆ మాటే విడమరిచి చెప్పొచ్చు కదా సార్.

కూకట్‌పల్లి_కరణం
నేను మాత్రం పిల్లాడి వైపే. సెక్షన్లో అరవై డెబ్భై మంది, సార్ బోర్డు మీద రాసుకుంటూ పోతారు, మనం దించుకుంటూ పోతాం. మా రోజుల్లోనూ అంతే, ఏ లెక్కకీ లిమిట్లు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పరు, 'క్లియర్లీ' అనే మాటతో మొదలవుతుంది. ఎవరికి క్లియరో తెలీదు. రెండు వైపులా లెక్క సరిగ్గా చేసిన పిల్లాడికి 5కి 3 అయినా పడాల్సింది.

లెక్కల_మేడం
మూడు నేను కూడా వేసేదాన్ని, ఒప్పుకుంటా. అయితే పేపరు దిద్దేవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట. వెరిఫై ప్రశ్నల్లో ఒక వైపు చేసి, రెండో వైపు చివర్లో అదే అంకె తెచ్చి అతికించేవాళ్ళు ఎంతమందో మీకు తెలీదు. పైన 1/20, కింద 1/20, మధ్యలో రెండు స్టెప్పులు మాయం. బొమ్మ లేకుండా రెండు వైపులా ఒకే తప్పు గుర్తుతో కలిసిపోతే దిద్దేవాళ్ళకి అదే అనుమానం వస్తుంది. ఈ అబ్బాయి నిజంగానే చేశాడు, అది వేరే.

సప్లీ_సామ్రాట్
అతికించేవాళ్ళు అన్నప్పుడు మేడం నా వైపే చూసినట్టు అనిపించింది.

డల్లాస్_డైరీ
ఇది ఒక్క హైదరాబాద్ గోల కాదు. నేను ఇంటర్ అక్కడే చేసి బ్యాచిలర్స్‌కి ఇటు వచ్చా. ఇక్కడ రెండో సెమిస్టర్ కాల్క్ టూలో సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, తిప్పితే వచ్చే వాల్యూములు, ఆ తరవాత సీక్వెన్సులు, సిరీస్. మొదటి నెలన్నర నాకు పండగ. వీళ్ళు బై పార్ట్స్‌లో ఏది ముందు తీసుకోవాలో కొట్టుకుంటుంటే మనకి ఇంటర్లో 'ఐలేట్' నిద్రలో లేపి అడిగినా వస్తుంది. వెనక కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ణి. సిరీస్ మొదలయ్యాక ఫోన్ లోపల పెట్టా, అప్పటికే ఆలస్యం.

ఒకటి, సగం, మూడో వంతు, నాలుగో వంతు... ఇలా కలుపుతూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా అని క్విజ్‌లో అడిగారు. టర్ములు సున్నాకి పోతున్నాయి కాబట్టి ఆగుతుంది అని ఒక్క ముక్కలో రాశా. సున్నా మార్కులు. ఆగదట. మొత్తం 10 దాటాలంటేనే 12,367 టర్ములు కావాలి, కానీ దాటుతుంది, 100 కూడా దాటుతుంది, ఎంతైనా దాటుతుంది. ఎందుకంటే మూడో వంతు, నాలుగో వంతు కలిపితే సగం కన్నా ఎక్కువ. తరవాతి నాలుగూ కలిపితే మళ్ళీ సగం కన్నా ఎక్కువ. తరవాతి ఎనిమిదీ అంతే. నెలనెలా చిట్టీ వాయిదా చిన్నదవుతూ ఉన్నా గుంపులు గుంపులుగా చూస్తే ప్రతిసారీ అర్ధ రూపాయి పడుతూనే ఉంది, ఇక ఆగేదెక్కడ. ఈ చిన్న మాట నాకు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) చెప్పేదాకా తట్టలేదు, ఎందుకంటే ఇంటర్ మొత్తంలో 'ఆగుతుందా లేదా' అని ఎవరూ అడగలేదు, 'ఎంత' అనే అడిగారు.

తెలుగుమీడియం_తులసి
దీన్నే మేం డిగ్రీలో అభిసరణం (కన్వర్జెన్స్), అపసరణం (డైవర్జెన్స్) అని చదివాం. నేను ఇంటర్ కూడా తెలుగు మీడియమే. సమాకలనం, అవకలనం, అవకలన సమీకరణం. డిగ్రీ రెండో ఏడాది నుంచి పక్క బెంచీవాళ్ళందరూ 'ఇంటిగ్రేట్' అంటుంటే నేను మనసులో అనువాదం చేసుకుంటూ ఒక స్టెప్పు వెనక ఉండేదాన్ని. కానీ ఒక లాభం జరిగింది. సమాకలనం అన్న మాటలోనే కలపడం ఉంది కదా, అది కూడిక అన్న సంగతి నాకు మొదటి రోజే దిగిపోయింది. ఇంటిగ్రల్‌కి పెట్టే ఆ పొడుగాటి గుర్తు కూడా జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1675లో లాటిన్లో మొత్తం అనే మాట మొదటి అక్షరాన్ని సాగదీసి పెట్టిందే. మీ అందరికీ ఇంటిగ్రేషన్ అంటే డిఫరెన్షియేషన్‌కి ఉల్టా అనే నేర్పారు. అందుకే లిమిట్లు అనగానే చివర్లో పెట్టి తీసేసే అంకెలు అనుకుంటారు.

కూకట్‌పల్లి_కరణం
ఈ చివరి వాక్యం ఫ్రేమ్ కట్టించాలి.

నాలుగో_బెంచీ
డైవర్జెన్స్ అంటే సిరీస్ ఆగకపోవడం అని ఒకరు, వెక్టర్లో ఇంకేదో అని మా సార్. రెండూ ఒకటేనా?

తెలుగుమీడియం_తులసి
కాదు, పేరొకటే. వెక్టర్‌ది ఒక బిందువు దగ్గర నుంచి బయటికి ఎంత పారుతోంది అన్నది. నల్లా దగ్గర ప్లస్, సింకు కన్నం దగ్గర మైనస్ అనుకో.

ఉస్మానియా_పెద్దన్న
సిరీస్ మాట వచ్చింది కాబట్టి. పై బై 4కి ఒకటి మైనస్ మూడో వంతు ప్లస్ అయిదో వంతు మైనస్ ఏడో వంతు అనే శ్రేణిని లైబ్నిజ్ పేరు మీద చదువుతాం. అది అంతకు రెండు మూడు వందల ఏళ్ళ ముందే కేరళలో సంగమగ్రామ మాధవుడి బడిలో తెలుసు. ఇంకో విచిత్రం, స్టోక్స్ థీరమ్, అంటే గ్రీన్స్ థీరమే వంపు తలాల మీద, మొదట అచ్చయింది పుస్తకంలో కాదు, ప్రశ్నపత్రంలో. 1854లో కేంబ్రిడ్జిలో స్టోక్స్ పెట్టిన పరీక్షలో అదొక ప్రశ్న. ఆ పరీక్ష రాసినవాళ్ళలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ కూడా ఉన్నాడు.

సప్లీ_సామ్రాట్
అంటే పుట్టడమే క్వశ్చన్ పేపర్లో పుట్టింది. వాళ్ళకి ప్రీవియస్ పేపర్లు కూడా లేవు పాపం.

ఉస్మానియా_పెద్దన్న
గ్రీన్ కథ ఇంకా బాగుంటుంది. నాటింగ్‌హామ్‌లో తండ్రి గాలిమర, అంటే మన గిర్నీ లెక్క. పిండి ఆడిస్తూ చదువుకున్నాడు, బడికి పోయింది ఏడాదికి కొంచెం అటూ ఇటూ. 1828లో చందాలు పోగేసి సొంతంగా వ్యాసం అచ్చేయించుకున్నాడు. కాలేజీలో చేరింది నలభయ్యో ఏట, 1833లో. అది చదివినప్పటి నుంచి ఎవడైనా నాకు లెక్కలు రావు, వయసైపోయింది అంటే నమ్మబుద్ధి కాదు.

అమ్మ_అకౌంట్
మా అబ్బాయి కూడా రెండో సెమిస్టరే, వాడు చదువుతున్నాడో లేదో తెలుసుకుందామని చూస్తున్నాను. మిడ్ మార్కులు ఎంత అంటే 'అవన్నీ సగటు తీస్తారమ్మా' అంటాడు. ట్యూషన్ పెట్టించమంటారా?

సప్లీ_సామ్రాట్
ఆంటీ, 'సగటు తీస్తారు' అన్నాడంటే ఒక మిడ్ పోయింది.

లెక్కల_మేడం
ట్యూషన్ కంటే ముందు నోట్‌బుక్ తెప్పించి చూడండి. లెక్కలు చదవక్కర్లేదు, బొమ్మలు ఉన్నాయా లేదా చూడండి. వెక్టర్ యూనిట్లో ఇరవై పేజీలు తిప్పినా ఒక్క బొమ్మ లేకపోతే బోర్డు మీదిది దించుకున్నాడు, చెయ్యలేదు.

అమ్మ_అకౌంట్
చూశాను. ఒక బొమ్మ ఉంది. సార్ బొమ్మ.

నాలుగో_బెంచీ
😂😂 వాడికి ఎండ్ సెమ్‌లో ఆర్టు మార్కులు వెయ్యాలి

ఆల్వాల్_ఆర్డినరీ
ఇంత గొడవ దేనికి అసలు. సీఎస్ఈ చదివి వెబ్‌సైట్లు కట్టేవాడికి గ్రీన్స్ థీరమ్ ఏం పనికొస్తుంది? పదకొండేళ్ళ సర్వీసులో నేను ఒక్క ఇంటిగ్రల్ చెయ్యలేదు. పాసై అవతల పడేయ్ తమ్ముడూ.

డల్లాస్_డైరీ
గ్రేడియెంట్, అంటే ఏ వైపు ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పేది, లేకుండా మెషీన్ లెర్నింగ్‌లో ఒక్క అడుగు పడదు అన్నా, అదీ ఈ వెక్టర్ కాలిక్యులస్‌లోనే ఉంది.

ఆల్వాల్_ఆర్డినరీ
అది లైబ్రరీ చూసుకుంటుంది. నేను ఒక లైన్ రాస్తా.

సర్వే_గొలుసు
నేను డిప్లొమా సివిల్, తరవాత లేటరల్ ఎంట్రీ, ఇప్పుడు లేఅవుట్లు కొలిచే పని. గ్రీన్స్ థీరమ్ పనికిరాదు అన్నారు కాబట్టి రాయక తప్పట్లేదు, కొంచెం పొడుగవుతుంది.

మా బంధువు ఒకాయన ఔటర్ అవతల ప్లాట్ చూశాడు, చతురస్రం కాదు, వంకర ముక్క. మధ్యవర్తి టేపు పెట్టి నాలుగు పక్కలూ కొలిచాడు, సుమారు 40, 61, 51, 50 అడుగులు. ఎదురెదురు పక్కలు సగటు తీశాడు, 45.5, 55.5. గుణిస్తే 2525 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 280 గజాలు చిల్లర. ఊళ్ళో అందరూ ఇలాగే చేస్తారు, ఎవరికీ అనుమానం రాదు. నేను వెళ్ళి మూలలు గుర్తించా. మొదటి మూల 0, 0. రెండోది 40, 0. మూడోది 50, 60. నాలుగోది 0, 50. ఇప్పుడు ప్రతి మూల ఎక్స్‌ని తరవాతి మూల వైతో గుణించు, దాన్లోంచి తరవాతి మూల ఎక్స్ ఇంటూ ఈ మూల వై తీసెయ్. వరసగా 0, 2400, 2500, 0. మొత్తం 4900. సగం 2450. అంటే 272 గజాలు. ఎనిమిది గజాలకు పైనే తేడా. అప్పటి రేటు గజం 25 వేలు, రెండు లక్షలు గాల్లో. సగటు పద్ధతి దీర్ఘచతురస్రానికి తప్ప ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు, అందుకే అమ్మేవాళ్ళకి అది అంత ఇష్టం.

ఈ గుణకారాలు గ్రీన్స్ థీరమే. ఎక్స్ డీవై మైనస్ వై డీఎక్స్‌ని హద్దు చుట్టూ కలిపి సగం చేస్తే లోపలి వైశాల్యం వస్తుంది అని మీ పుస్తకంలో కరోలరీ ఉంటుంది చూడండి, హద్దు తిన్నని గీతలైతే అది ఇలా నాలుగు గుణకారాలకు దిగుతుంది. పొలం చుట్టూ ఫోన్ పట్టుకుని నడిస్తే ఎన్ని గుంటలో చెప్పే యాప్‌లు వాడేదీ ఈ ఎత్తే, హద్దు మీద నడక చాలు, లోపల అడుగు పెట్టక్కర్లేదు.

ఇక తమ్ముడి మైనస్ సంగతి. నేను కొత్తలో ఒక ప్లాట్ చుట్టూ గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు కుడి చెయ్యి లోపలికి పెట్టి తిరిగా. మైనస్ వచ్చింది. మా మేస్త్రీ నవ్వాడు. అప్పటి నుంచి ఒకటే గుర్తు, ఎడమ చెయ్యి ఎప్పుడూ ప్లాట్ లోపలికి. అప్రదక్షిణం.

తెలుగుమీడియం_తులసి
గ్రీన్స్ థీరమ్ అంటే అప్రదక్షిణం. నేను ఇంక జన్మలో మర్చిపోను.

ఆల్వాల్_ఆర్డినరీ
ఎదురెదురు పక్కల సగటు తప్పా?? ఒక్క నిమిషం. నా ప్లాట్ కాగితాలు తీస్తున్నా.

కూకట్‌పల్లి_కరణం
పదకొండేళ్ళలో మొదటి ఇంటిగ్రల్ 😄

నాలుగో_బెంచీ
నాలుగు పక్కల కొలతలు కరెక్టుగా తెలిస్తే చాలదా అన్నా, మూలలు ఎందుకు?

సర్వే_గొలుసు
చాలదు. నులక మంచం చూశావా? జాయింట్లు వదులైతే పట్టెలు అవే ఉన్నా మంచం పక్కకి ఒరుగుతుంది. నాలుగు పక్కలూ మారలేదు, లోపలి చోటు తగ్గింది. కనీసం ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టాలి, అప్పుడు రెండు త్రిభుజాలవుతాయి, ఇంక కదలదు.

లెక్కల_మేడం
రేపు క్లాసులో ఈ ప్లాట్ లెక్క చెప్పబోతున్నా, అనుమతి అడగట్లేదు.

రెండోసెమ్_బాధితుడు
ఒక సందేహం మేడం. మొదటి మిడ్‌లో 22 వచ్చింది కదా, మరి ఈక్వేషన్లు నాకు అర్థమైనట్టేనా, లేక అక్కడ కూడా ఇలాగే గుడ్డిగా చేస్తున్నానా? ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోయింది.

ఉస్మానియా_పెద్దన్న
నేను ఒకటి అడుగుతా, పెన్ను పట్టకుండా చెప్పు. ఇరానీ హోటల్లో గది 30 డిగ్రీలు. చాయ్ టేబుల్ మీదికి వచ్చేసరికి 80. అయిదు నిమిషాలకు 65. పది నిమిషాలకు ఎంత?

నాలుగో_బెంచీ
50. అయిదు నిమిషాలకు 15 తగ్గింది, ఇంకో అయిదుకి ఇంకో 15.

ఉస్మానియా_పెద్దన్న
నీ లెక్కన అరగంటలో చాయ్ మంచు గడ్డ కడుతుంది, మైనస్ 10.

రెండోసెమ్_బాధితుడు
54.5. పడిపోయేది 80 కాదు, గదికీ చాయ్‌కీ మధ్య ఉన్న 50. అది అయిదు నిమిషాల్లో 35 అయింది, అంటే పదికి ఏడు వంతులు మిగిలింది. ఇంకో అయిదు నిమిషాలకు 35లో పదికి ఏడు వంతులు, 24.5. దానికి 30 కలిపితే 54.5.

ఉస్మానియా_పెద్దన్న
ఫార్ములా రాయకుండా చెప్పావు. నీకు వచ్చు పో.

సప్లీ_సామ్రాట్
నేను మూడుసార్లు రాసింది దీనికా. అందరూ సి వన్, ఈ పవర్ మైనస్ కేటీ అని గోల చేశారు తప్ప మిగిలిన తేడాలో వంతు అని ఒక్కడూ చెప్పలేదు. అయినా నా సలహా మార్చుకోను. రెండు వారాలే ఉన్నాయి, ముందు వచ్చినవి గట్టి చేసుకో, వెక్టర్లో గ్రీన్స్ ఒకటి బొమ్మతో నేర్చుకో చాలు, గాస్, స్టోక్స్ థీరమ్‌లు టైముంటే.

లెక్కల_మేడం
దీనితో ఒప్పుకోను. స్టోక్స్ వదిలేస్తే ఆ యూనిట్లో ఛాయిస్ పోతుంది. గ్రీన్స్ బొమ్మ వచ్చినవాడికి స్టోక్స్ ఇంకో పూట పని, నేల మీద ఉన్న హద్దుని పైకెత్తి దాని మీద గొడుగు పెట్టినట్టే. అర్ధగోళం ఇచ్చి వెరిఫై చెయ్యమంటే సగం మంది ఆ గుండ్రటి పైభాగం మీద పడి ఏడుస్తారు. హద్దు చూడు, అది కింద ఉన్న వృత్తం. లైన్ ఇంటిగ్రల్ దాని చుట్టూ ఒక్కసారి తిరగడమే. రోజుకి మూడు లెక్కలు చెయ్, కానీ ముందు బొమ్మ, తరవాత లిమిట్లు, అక్కడ ఆపేసి 1 పెట్టి వైశాల్యం ప్లస్ వస్తోందా చూసుకో. అప్పుడు అసలు లెక్క.

సప్లీ_సామ్రాట్
మేడం చెప్పాక ఇంకేముంది. నేను కూడా వింటున్నా, మా తమ్ముడు వచ్చే ఏడాది ఫస్టియర్.

కూకట్‌పల్లి_కరణం
చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే పోతే చోటు దొరుకుతుంది తమ్ముడూ, హాస్టల్లో చదవలేకపోతే. చుట్టూ గ్రూప్స్ వాళ్ళే ఉంటారు, వాళ్ళని చూస్తే మన కష్టం చిన్నదనిపిస్తుంది. ఫోన్ బ్యాగులో పెట్టు.

రెండోసెమ్_బాధితుడు
మూడు వారాల తరవాత వస్తున్నా. పరీక్ష అయిపోయింది. స్టోక్సే వచ్చింది మేడం, అర్ధగోళమే. ముందు వృత్తం గీశా, ఎడమ చెయ్యి లోపలికి అని బాణం వేశా, రెండు వైపులా మైనస్ పైతో కలిసింది. ఈసారి డబ్బా గీసే ముందు రెండుసార్లు చూసుకున్నా. గాస్ ఛాయిస్‌లో వదిలేశా. లాప్లాస్‌లో ఒకటి పార్షియల్ ఫ్రాక్షన్స్ దగ్గర తప్పింది, ఇంటర్ 2ఏ, నా పరువు పోయింది, ఎవరికీ చెప్పకండి. పాసవుతా, ఎంత అన్నదే తెలీదు. మిడ్ పేపరు సార్‌కి మళ్ళీ చూపించా, మార్కు మార్చలేదు కానీ మైనస్ 1/6 సంగతి చెబితే నవ్వారు, ఇంకో సెక్షన్లో చెప్పారట.

నాలుగో_బెంచీ
ట్రీట్ ఎప్పుడు

అమ్మ_అకౌంట్
మా వాడు కూడా స్టోక్సే రాశాడట. ఇంట్లో నోట్‌బుక్ అడిగితే ఇవ్వట్లేదు.

సర్వే_గొలుసు
శుభం. మరి ఆల్వాల్ అన్న ప్లాట్ సంగతి?

ఆల్వాల్_ఆర్డినరీ
అడగొద్దు. నాలుగు గజాలు.

రెండోసెమ్_బాధితుడు
మాది ఆరు. మొన్న ఆదివారం నాన్నతో షాద్‌నగర్ వైపు ఉన్న ప్లాట్‌కి వెళ్ళి ఎదురు మూలలకి టేపు పట్టి, మూలలు వేసి, నాలుగు గుణకారాలు చేసి అక్కడే చెప్పా. నాన్న టేపు చుట్టుకుంటూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. బండి ఎక్కాక 'నీకు ఆ సబ్జెక్టు తప్పినా బాగుండేదిరా' అన్నారు.